చీకటి హాల్లో స్టేజీ ఫోటోలకు టెలీ జూమ్ లెన్స్: ఏది తీసుకోవాలి, ఎలా చూసి కొనాలి

కూచిపూడి ప్రోగ్రామ్‌కో, ఎవరి పాప అరంగేట్రానికో వెళ్లి ఫోటోలు తీస్తే అన్నీ మసకగానో గ్రెయిన్‌తోనో వస్తున్నాయి, కొత్త కెమెరా కొనాలా అని అడిగేవాళ్లు చాలామంది. నా జవాబు ఎప్పుడూ ఒకటే: కెమెరాని అలాగే ఉంచండి, డబ్బులు లెన్స్ మీద పెట్టండి. బాడీలు (లెన్స్ తీసేసిన కెమెరాలు) నాలుగైదేళ్లకోసారి పాతబడుతుంటాయి, మంచి టెలీ జూమ్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే జూమ్ లెన్స్) అయితే రెండు మూడు బాడీలు మారినా మీతోనే ఉంటుంది. అయితే ఇది చిన్న ఖర్చు కాదు, కాబట్టి ఏది కొనాలి, ఎందుకు కొనాలి, షాపులో ఏం చూడాలి అన్నది నిదానంగా చెప్తాను. ఇక్కడ స్టేజీ డాన్స్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే తక్కువ వెలుతురు, దూరం, కదలిక మూడూ ఒకేసారి ఎదురయ్యేది అక్కడే. రాత్రి ముహూర్తం పెళ్లిళ్లకి, ఇండోర్ స్టేడియంలో బ్యాడ్మింటన్, కబడ్డీలకి కూడా దాదాపు ఇదే లెక్క పనికొస్తుంది.

ముందు వెలుతురు లెక్క

కెమెరాతో పాటు వచ్చే టెలీ లెన్స్ మీద ఉన్న అంకెలు ఒకసారి చూడండి. 55-250 అయితే ఎఫ్ 4-5.6 అనో, 70-300 అయితే ఎఫ్ 4.5-6.3 అనో రాసి ఉంటుంది. మొదటి జంట ఎంత జూమ్ అవుతుందో మి.మీ.లలో చెప్తుంది, ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎంత తెరుచుకుంటుందో చెప్తుంది, ఆ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. అంటే జూమ్ చేసేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గిపోతుందన్నమాట. మీకు స్టేజీ మీద మనిషి దగ్గరగా కావాలంటే చివరిదాకా జూమ్ చేయాలి, సరిగ్గా అక్కడే ఆ లెన్స్ అన్నిటికంటే చీకటిగా ఉంటుంది.

ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 4కి వెళ్తే వెలుతురు సగం అవుతుంది (ఇలా సగం అయితే ఒక స్టాప్ తగ్గింది అంటారు), ఎఫ్ 5.6కి వెళ్తే నాలుగో వంతు, ఎఫ్ 6.3 అయితే ఐదో వంతు. దీన్ని స్టేజీ మీదకి తెస్తే ఇలా ఉంటుంది: లైటింగ్ బాగానే ఉన్న హాల్లో ఎఫ్ 2.8 దగ్గర షట్టర్ 1/250 (సెకనులో 250వ వంతు) పెట్టుకుంటే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె, పెంచితే గ్రెయిన్ పెరుగుతుంది) 3200తో ఫోటో వస్తుందనుకుందాం. అదే ఫోటో అదే షట్టర్‌తో ఎఫ్ 5.6 లెన్స్‌తో తీయాలంటే ఐఎస్ఓ 12800 కావాలి, 6.3 లెన్స్‌తో అయితే 16000. 3200లో తీసిన మొహం మీద మేకప్, ముక్కుపుడక, కళ్ల కాటుక గీత అన్నీ కనిపిస్తాయి. 12800లో క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కంటే చిన్నది) కెమెరాతో తీస్తే ఆ గీత చర్మంలో కలిసిపోతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లలో ఏఐతో నాయిస్ తీసే సదుపాయం బాగా మెరుగుపడింది, లైట్‌రూమ్‌లో 2023 నుంచి ఉంది, నేనూ వాడతాను. కానీ అది గ్రెయిన్‌ని మాత్రమే తగ్గిస్తుంది, కదిలిపోయిన చెయ్యిని, ఫోకస్ తప్పిన కన్నుని బాగు చేయలేదు.

ఇంకో విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆటోఫోకస్ కూడా లెన్స్‌లోంచి వచ్చే వెలుతురుతోనే పనిచేస్తుంది. స్టేజీ మీద నీలం లైట్ ఒక్కటే ఉన్నప్పుడు 5.6 లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఫోకస్ కోసం వెతుక్కుంటూ ఉంటుంది, ఆ లోపు జతి (తాళానికి వేసే అడుగుల వరస) అయిపోతుంది. 2.8 లెన్స్‌తో అదే బాడీ చాలా త్వరగా పట్టుకుంటుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాలు) అయితే మధ్య ఫోకస్ పాయింట్ ఎఫ్ 2.8 లెన్స్ గానీ, అంతకంటే ఎక్కువ వెలుతురు ఇచ్చే లెన్స్ గానీ పెట్టినప్పుడే పూర్తి శక్తితో పనిచేసేలా తయారైన మోడళ్లు చాలా ఉన్నాయి. అంటే లెన్స్ మారిస్తే మీ పాత కెమెరా కూడా కొంత మెరుగైనట్టే.

అందుకే జూమ్ చేసినా అపర్చర్ మారని, అంతటా ఎఫ్ 2.8 ఉండే లెన్స్ చూడండి. మాన్యువల్ మోడ్‌లో ఎక్స్‌పోజర్ ఒకసారి కుదిరాక జూమ్ చేసిన ప్రతిసారీ ఫోటో చీకటైపోదు, ఆ టెన్షన్ ఉండదు.

స్టెబిలైజేషన్ గురించి ఉన్న అపోహ

లెన్స్ పెట్టె మీద ఐఎస్ అనో, వీఆర్ అనో, ఓఎస్ఎస్ అనో, వీసీ అనో ఉంటుంది, పేర్లు వేరు, పని ఒకటే: మీ చెయ్యి వణుకుని సరిచేయడం. షాపుల్లో దీన్ని చూపించి, సార్ ఇందులో ఐదు స్టాప్‌ల స్టెబిలైజేషన్ ఉంది, 6.3 అయినా లో లైట్‌లో ఇబ్బంది లేదు అని చెప్తుంటారు. ఆ మాట గుడి గోపురానికి, రాత్రి చార్మినార్‌కి వర్తిస్తుంది, కదలని వాటికి. డాన్సర్ చెయ్యి తిప్పుతుంటే ఆ కదలికని ఆపేది షట్టర్ స్పీడ్ ఒక్కటే, షట్టర్ స్పీడ్‌కి కావాల్సింది వెలుతురు.

నా అనుభవంలో జతి చివర భంగిమ నిలిపే క్షణానికి 1/160 సరిపోతుంది. మామూలు నడకకి, అభినయానికి 1/250. గిరకలు తిరిగేటప్పుడు, తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి పళ్లాన్ని జరిపేటప్పుడు 1/400 నుంచి 1/500 కావాలి, అప్పుడే గజ్జెలు విడివిడిగా కనిపిస్తాయి. బ్యాడ్మింటన్ స్మాష్‌కి 1/1000 లేకపోతే రాకెట్ గీతలా వస్తుంది. ఈ స్పీడ్‌ల దగ్గర స్టెబిలైజేషన్ చేసే సాయం తక్కువే. ఉంటే మంచిదే, వ్యూఫైండర్‌లో బొమ్మ ఊగకుండా ఉంటుంది, ఫ్రేమ్ పెట్టుకోవడం సులువవుతుంది. బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా అయితే లెన్స్‌లో లేకపోయినా నడిచిపోతుంది. రెండిట్లోనూ లేకపోతే మాత్రం 200 మి.మీ. దగ్గర చేత్తో పట్టుకుని తీయడం కష్టం, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) తప్పదు.

మీరు కూర్చునే చోటు నుంచి స్టేజీ ఎంత దూరం?

ఎంత జూమ్ కావాలో తేల్చేది ఇదే. చిన్న లెక్క ఒకటి ఉంది, ఫోన్ కాలిక్యులేటర్‌లో అయిపోతుంది. సెన్సర్ పొడవుని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని మీటర్లలో ఉన్న దూరంతో గుణించి, లెన్స్ మి.మీ.తో భాగిస్తే ఫ్రేమ్‌లో ఎన్ని మీటర్లు పడుతుందో వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పొడవు 36 మి.మీ. కెమెరాని నిలువుగా పట్టుకుని, పది మీటర్ల దూరం నుంచి 200 దగ్గర తీస్తే 36 ఇంటూ 10 బై 200, అంటే 1.8 మీటర్లు. ఒక మనిషి తల నుంచి కాలిదాకా బిగుతుగా పడుతుంది, చెయ్యి పైకెత్తితే వేళ్లు తెగుతాయి. కొంచెం వెనక్కి 150కి వస్తే 2.4 మీటర్లు, హాయిగా పడుతుంది. 70 దగ్గర అడ్డంగా పట్టుకుంటే 5 మీటర్ల పైనే, నలుగురైదుగురు డాన్సర్లు వస్తారు. అంటే రవీంద్రభారతి లాంటి హాల్లో ముందు వరసల్లోంచి తీసేవాళ్లకి ఫుల్ ఫ్రేమ్ మీద 70-200 సరిగ్గా అతికినట్టు సరిపోతుంది. వెనక వరసల్లో, ఇరవై మీటర్ల దూరంలో కూర్చోవాల్సి వస్తే 200లో కూడా డాన్సర్ ఫ్రేమ్‌లో సగం కంటే తక్కువే ఉంటుంది, తర్వాత కట్ చేసుకోవాలి.

మీది క్రాప్ సెన్సర్ అయితే 36 బదులు 23.5 వేసుకోండి, కెనాన్‌లో అయితే దాదాపు 22.3. అదే పది మీటర్ల నుంచి 200లో నిలువుగా 1.2 మీటర్ల లోపే పడుతుంది, అంటే తొడల దగ్గర్నుంచి పైకి. మొహాలకి అద్భుతం. కానీ 70లో అడ్డంగా మూడు మీటర్ల చిల్లర మాత్రమే, గ్రూప్ డాన్స్ పట్టదు, ఇంకో కెమెరాకో ఫోన్‌కో వదిలేయాలి. అందుకే క్రాప్ వాళ్లకి 50 దగ్గర మొదలయ్యే జూమ్‌లు కూడా చూడమంటాను, వాటి సంగతి కింద ఉంది.

ఈ లెక్క వేయకుండా ఎక్కువ జూమ్ ఉంటే మంచిది కదా అని 100-400, 150-600 వైపు వెళ్లకండి. అవి పిట్టలకి, పగటి వెలుతురుకి. మామూలుగా దొరికేవి చివర 5.6, 6.3 దాకా పోతాయి, హాల్లో చేతులెత్తేస్తాయి. అలాగే 2.8 లెన్స్‌కి టెలీకన్వర్టర్ (లెన్స్‌కి, బాడీకి మధ్య పెట్టి జూమ్ పెంచే చిన్న గాజు పరికరం) తగిలిస్తే ఎక్కువ దూరం వస్తుంది కదా అంటే, వస్తుంది, కానీ 1.4 కన్వర్టర్ ఒక స్టాప్ తింటుంది, 2 ఎక్స్ రెండు స్టాప్‌లు. 70-200 కాస్తా 140-400 ఎఫ్ 5.6 అయిపోతుంది, మళ్లీ మొదటికే వచ్చాం. స్టేజీకి ముందు వరసలో సీటు సంపాదించడం కన్వర్టర్ కంటే ఎన్నో రెట్లు మేలు. నిర్వాహకులతో ముందే మాట్లాడి పక్క నడవలో నిలబడటానికి అనుమతి తీసుకోండి.

ఇప్పుడు లెన్స్‌ల సంగతి

కెనాన్ మిర్రర్‌లెస్ (అద్దం లేని కొత్త తరం కెమెరా) వాళ్లకి ఆర్ఎఫ్ 70-200 ఎఫ్ 2.8 ఉంది, 2019లో వచ్చింది, బరువు 1070 గ్రాములే, బ్యాగులో చిన్నగా సర్దుకుంటుంది, జూమ్ చేస్తే మాత్రం ముందుకి సాగుతుంది, కన్వర్టర్ పట్టదు. 2024లో వచ్చిన, పేరు చివర జెడ్ ఉన్న కెనాన్ మోడల్ సాగదు, కన్వర్టర్ పడుతుంది, వీడియో కూడా చేసేవాళ్లకి అది బాగుంటుంది. రెండూ రెండు లక్షలు, ఆ పైమాటే. అంత పెట్టలేకపోతే నేను చెప్పేది పాత ఈఎఫ్ 70-200 ఎఫ్ 2.8 ఐఎస్ రెండో వెర్షన్, 2010లో వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో లక్ష లోపే దొరుకుతుంది, కెనాన్ అడాప్టర్‌తో ఆర్ సిరీస్ బాడీల మీద ఆటోఫోకస్ సహా చక్కగా పనిచేస్తుంది. ఆ అడాప్టర్‌లో గాజు ఏమీ ఉండదు కాబట్టి క్వాలిటీ తగ్గదు. 2018లో వచ్చిన మూడో వెర్షన్ కూడా ఆప్టికల్‌గా రెండోదే, కోటింగ్‌లు కొత్తవి. కాబట్టి మూడోదాని కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. బరువు మాత్రం కిలోన్నర. 2001 నాటి మొదటి వెర్షన్ ఇంకా చవగ్గా కనిపిస్తుంది, కానీ మోటార్ పోతే రిపేర్‌కి విడిభాగాలు దొరుకుతాయో లేదో ముందే కనుక్కుని అప్పుడు చెయ్యి పెట్టండి.

నికాన్‌లో జెడ్ 70-200 ఎఫ్ 2.8 వీఆర్ ఎస్, 2020లో ప్రకటించారు, నాకు తెలిసిన 70-200లలో పూర్తి 2.8 దగ్గరే ఇంత షార్ప్‌గా ఉండేవి తక్కువ. బడ్జెట్ తగ్గాలంటే జెడ్ 70-180 ఎఫ్ 2.8, 2023లో వచ్చింది, 795 గ్రాములు. లెన్స్‌లో వీఆర్ లేదు, కాబట్టి జెడ్ 6, జెడ్ 5 లాంటి బాడీలో స్టెబిలైజేషన్ ఉన్నవాళ్లకే. జెడ్ 50 లాంటి క్రాప్ బాడీలకి ఇది పెడితే చెయ్యి జాగ్రత్త. డీఎస్ఎల్ఆర్ వాళ్లు సెకండ్ హ్యాండ్‌లో 2009 నాటి వీఆర్ 2 కానీ, 2016 నాటి ఎఫ్ఎల్ మోడల్ కానీ చూడొచ్చు. ఎఫ్ఎల్ చాలా మంచిది, కానీ అది నికాన్ 'E' టైప్ లెన్స్ (అపర్చర్‌ని ఎలక్ట్రానిక్‌గా నడిపే రకం), డీ90 లాంటి పాత బాడీల మీద అపర్చర్ పనిచేయదు. ఇంకా పాత 80-200 ఎఫ్ 2.8 డీ చవగ్గా వస్తుంది, దానికి సొంత మోటార్ లేదు. డీ3000, డీ5000 సిరీస్ బాడీల మీద గానీ, పాత లెన్స్‌లని జెడ్ బాడీలకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో గానీ ఆటోఫోకస్ చేయదు, చీకటి హాల్లో చేత్తో ఫోకస్ తిప్పుతూ డాన్స్ తీయడం అయ్యే పని కాదు.

సోనీ వాళ్లకి ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. సోనీ సొంత జీఎం 2, 2021లో వచ్చింది, 1045 గ్రాములు, మొదటి జీఎం కంటే దాదాపు నాలుగు వందల గ్రాములు తేలిక. డబ్బుంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. టామ్రాన్ 70-180 ఎఫ్ 2.8 రెండో తరం, 2023లో వచ్చింది, అందులో వీసీ కూడా ఉంది, 855 గ్రాములు, ధర జీఎంలో దాదాపు సగం. మొదటిసారి ఇలాంటి లెన్స్ కొనేవాళ్లకి సోనీలో నేను ముందు చెప్పే పేరు ఇదే. 2020 నాటి మొదటి తరంలో వీసీ లేదు, ఆ తేడా చూసుకోండి, సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో రెండిటినీ కలిపేసి రాస్తుంటారు. సిగ్మా 70-200 స్పోర్ట్స్ 2023 చివర్లో వచ్చింది, నిర్మాణం గట్టిగా ఉంటుంది, ఎల్ మౌంట్ (పానసోనిక్, లైకా, సిగ్మా బాడీలు) వాళ్లకి కూడా దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, సోనీ బాడీల మీద వేరే కంపెనీల లెన్స్‌లు సెకనుకి 15 ఫ్రేముల దగ్గర ఆగిపోతాయి, కన్వర్టర్లు కూడా పట్టవు. డాన్స్‌కి ఆ రెండూ అవసరం పడవు.

పెళ్లిళ్లు ఎక్కువ తీసేవాళ్లు టామ్రాన్ 35-150 ఎఫ్ 2-2.8 కూడా చూడండి, సోనీకి 2021 నుంచి, నికాన్ జెడ్‌కి 2023 నుంచి ఉంది. జీలకర్ర బెల్లం దగ్గర మండపం మొత్తం తీసి, అదే లెన్స్‌తో వెంటనే పెళ్లికూతురి కళ్ల దాకా వెళ్లొచ్చు. కిలో దాటి బరువుంటుంది, లెన్స్‌లో స్టెబిలైజేషన్ లేదు.

క్రాప్ సెన్సర్ వాళ్లకి, ఫ్యూజీ అయితే 50-140 ఎఫ్ 2.8 కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కెనాన్, నికాన్ క్రాప్ డీఎస్ఎల్ఆర్‌లకి సిగ్మా 50-100 ఎఫ్ 1.8 అని 2016లో వచ్చింది, 2.8 కంటే స్టాప్ మీద ఇంకో మూడోవంతు ఎక్కువ వెలుతురు, నా ఉద్దేశంలో దీనికి రావాల్సినంత పేరు రాలేదు. స్టెబిలైజేషన్ లేదు, బరువు కిలోన్నర, డీఎస్ఎల్ఆర్ మీద ఫోకస్‌ని ఒకసారి సరిచేయించుకోవాల్సి రావచ్చు, మీ బాడీకి పెట్టి చూడకుండా మాత్రం కొనకండి.

డబ్బు సరిపోకపోతే

ఎఫ్ 4 జూమ్ తీసుకోవాలా అని అడుగుతారు. 70-200 ఎఫ్ 4లు తేలిగ్గా, షార్ప్‌గా ఉంటాయి, చాలావరకు కిలో లోపే, కానీ ఒక స్టాప్ పోతుంది. మీది కొత్త ఫుల్ ఫ్రేమ్ బాడీ అయి, ఎక్కువగా పగలు తీస్తూ అప్పుడప్పుడు మాత్రమే స్టేజీ తీసేవాళ్లైతే సరే. క్రాప్ బాడీకి వద్దు.

నేనైతే ఆ డబ్బుతో 85 ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) తీసుకుని ముందు వరసకి వెళ్లమంటాను. 1.8 అంటే ఎఫ్ 4 కంటే రెండు స్టాప్‌ల పైనే ఎక్కువ. క్రాప్ బాడీ మీద అది దాదాపు 130 లెన్స్‌లా కనిపిస్తుంది, ఏడెనిమిది మీటర్ల నుంచి నిలువుగా డాన్సర్ మొత్తం పడుతుంది. కెనాన్ వాళ్లకి ఈఎఫ్ 135 ఎఫ్ 2 ఉంది, 1996 నాటిది, ఇప్పటికీ స్టేజీ మీద దాని ఫోటోలు బాగుంటాయి. జూమ్ లేదు కాబట్టి కొన్ని ఫ్రేములు పోతాయి, నిజమే, వచ్చినవి మాత్రం శుభ్రంగా వస్తాయి. ఆ తర్వాత డబ్బు పోగయ్యాక జూమ్‌కి వెళ్లండి, 85 ఎలాగూ ఊరికే పోదు.

ఇంకో దారి, ఏడాదికి రెండు మూడు ప్రోగ్రామ్‌లే తీసేవాళ్లు అసలు కొనకండి, అద్దెకి తెచ్చుకోండి. హైదరాబాద్‌లో కృష్ణానగర్ చుట్టుపక్కల సినిమా వాళ్ల కోసం కెమెరాలు, లెన్స్‌లు అద్దెకిచ్చే చోట్లు ఉన్నాయి, విజయవాడ, విశాఖల్లో కూడా దొరుకుతాయి. గుర్తింపు కార్డు, కొంచెం అడ్వాన్స్ అడుగుతారు. కొనాలనుకునేవాళ్లు కూడా ముందు ఒకరోజు అద్దెకి తెచ్చి, రెండు గంటల ప్రోగ్రామ్ మొత్తం దాంతోనే తీసి చూడండి. కిలోన్నర లెన్స్ షాపులో రెండు నిమిషాలు పట్టుకుంటే ఏమీ అనిపించదు, రెండో గంటలో మణికట్టు చెప్తుంది అసలు సంగతి.

సెకండ్ హ్యాండ్ లెన్స్ చూసే పద్ధతి

ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనలో ఎక్కువమంది 2.8 జూమ్ కొనేది ఇలాగే. మీ సొంత బాడీ, ఖాళీ కార్డు, ఫోన్, వీలైతే లాప్‌టాప్ తీసుకెళ్లండి. అన్నా, ఒక పదిహేను నిమిషాలు నా కెమెరాకి పెట్టి చూసుకుంటాను అని అడగండి. టైమ్ లేదు, ఇప్పుడే ఇంకొకరు వస్తున్నారు, తీసుకుంటే తీసుకోండి అని తొందరపెడితే అక్కడితో వదిలేయండి.

ముందు గాజు. రెండు వైపులా మూతలు తీసి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి. ఎదురుగా చూస్తే ఏమీ కనిపించదు, లెన్స్‌ని మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడాలి. నికాన్ జీ రకం లెన్స్ (అపర్చర్ రింగ్ లేనిది) అయితే బయట ఉన్నప్పుడు అపర్చర్ బ్లేడ్లు మూసుకుని ఉంటాయి, వెనక మౌంట్ దగ్గర చిన్న లివర్ ఉంటుంది, దాన్ని వేలితో జరిపితే తెరుచుకుంటాయి. లోపల అక్కడక్కడా దుమ్ము రేణువులు కనిపిస్తే పర్వాలేదు, పదేళ్ల లెన్స్‌లో ఉంటాయి. సన్నటి దారాలు ఒక చోట మొదలై కొమ్మల్లా విచ్చుకుని కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో బ్యాగులోనే మూలన పడి ఉన్న లెన్స్‌లకి ఇది మామూలు. శుభ్రం చేయించుకుంటే పోతుంది సార్ అంటారు, కొన్నిసార్లు పోతుంది, కానీ ఫంగస్ కోటింగ్‌ని తినేసి ఉంటే ఆ మచ్చ అలాగే ఉంటుంది, పైగా ఇన్ని గాజులున్న జూమ్‌ని విప్పి మళ్లీ వరసగా కూర్చోబెట్టడం అందరివల్లా కాదు. లోపలంతా పాలు కలిపినట్టు తెల్లటి పొర కనిపిస్తే దాన్ని హేజ్ అంటారు. స్టేజీ లైట్లు నేరుగా లెన్స్ మీద పడే పనికి అది అస్సలు పనికిరాదు, ఫోటో మొత్తం వెలిసిపోయినట్టు వస్తుంది. ముందు గాజు మీద చిన్న గీత ఒకటి ఉంటే ధర తగ్గించమని అడిగి తీసుకోవచ్చు, వెనక గాజు మీద గీత ఉంటే వద్దు.

తర్వాత బయటి భాగం. స్క్రూల తలలు చూడండి, అరిగి ఉంటే ఎవరో ఇప్పటికే విప్పారని అర్థం. ఫిల్టర్ బిగించే అంచు నొక్కుకుపోయి ఉంటే కింద పడిందని అర్థం. జూమ్ రింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకేలా తిరగాలి, మధ్యలో పట్టేసినట్టు అనిపించకూడదు. లెన్స్‌ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్‌లో లోపల కొంచెం కదిలే చప్పుడు రావచ్చు, గట్టిగా గలగలమనకూడదు. ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ని స్టాండ్‌కి బిగించే పట్టీ) ఉందో లేదో చూడండి, విడిగా కొనాలంటే దానికీ బాగానే పెట్టాలి.

ఇప్పుడు బాడీకి తగిలించండి. వీధిలోకి వచ్చి ఎదురుగా ఉన్న షాపు బోర్డు, దూరంగా, సమతలంగా ఉన్నది ఎంచుకుని 200లో ఎఫ్ 2.8 పెట్టి తీయండి, తర్వాత ఎఫ్ 4లో, మళ్లీ 70లో, 135లో. స్క్రీన్ మీద పెద్దది చేసి ఎడమ అంచు అక్షరాలు, కుడి అంచు అక్షరాలు పోల్చండి. రెండు వైపులా కొంచెం మెత్తగా ఉంటే 2.8లో అది సహజం. ఒకవైపు స్పష్టంగా, ఇంకోవైపు అలికినట్టుగా ఉంటే లోపల గాజు పక్కకి జరిగింది, కింద పడిన లెన్స్‌లకి వచ్చే జబ్బు ఇది. ఆ తర్వాత దగ్గర వస్తువు, దూరపు వస్తువు మార్చి మార్చి ఇరవై సార్లు ఫోకస్ చేయండి. మోటార్ కీచుమనకూడదు, మధ్యలో ఆగిపోకూడదు. చివరిగా షాపు లోపలికి వచ్చి లైట్లు తక్కువున్న మూలకి తిప్పి, నడుస్తున్న మనిషిని తీయండి, మీరు కొంటున్నది ఆ పనికే కదా.

మీది డీఎస్ఎల్ఆర్ అయితే 2.8లో ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడుతోందేమో కూడా చూసుకోవాలి. ఫుల్ ఫ్రేమ్‌లో పది మీటర్ల నుంచి 200, ఎఫ్ 2.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు 40 సెంటీమీటర్లే, ఐదు మీటర్లకి వస్తే పది సెంటీమీటర్లు. ముందుకి చాచిన చెయ్యి షార్ప్‌గా, కళ్లు మసకగా రావడానికి అంత తేడా చాలు. బాడీలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఫోకస్‌ని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరిపే సెట్టింగ్) ఉంటే సరిచేసుకోవచ్చు, ఎంట్రీ లెవల్ బాడీల్లో ఆ ఆప్షన్ సాధారణంగా ఉండదు.

అన్నీ నచ్చితే లెన్స్ మీద సీరియల్ నంబరు, పెట్టె మీద నంబరు, బిల్లు మీద నంబరు ఒకటేనా చూడండి. పెట్టె లేకపోయినా బిల్లు ఉంటే చాలు. రెండూ లేకపోతే, ధర ఎంత తక్కువైనా సరే, అమ్మే మనిషి గుర్తింపు కార్డు కాపీ, సంతకంతో ఒక కాగితం లేకుండా డబ్బు ఇవ్వకండి. దొంగ సరుకు మన చేతిలో దొరికితే తిరగాల్సింది మనమే.

కొత్తది కొనేటప్పుడు

కొత్తదైతే ఒకే లెన్స్‌కి రెండు ధరలు చెప్తారు, ఇండియా వారంటీతో ఒకటి, లేకుండా ఒకటి. ఆ రెండోది గ్రే మార్కెట్ సరుకు. రెండు లక్షల వస్తువుకి పది పదిహేను వేలు మిగులుతాయని దానికి వెళ్లడం నాకు ఇష్టం లేదు, ఫోకస్ మోటార్ ఒక్కటి పోయినా మిగిలిన డబ్బు దానికే పోతుంది. జీఎస్టీ నంబరుతో బిల్లు, సీరియల్ నంబరు రాయించి, వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోండి. స్టూడియో పేరు మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆ నంబరు బిల్లులో వేయించుకుంటే కట్టిన పన్నుని క్రెడిట్‌గా వాడుకోవచ్చు, మీ అకౌంటెంట్‌ని అడగండి. దసరా, దీపావళికి కంపెనీలు ధర తగ్గించడం, క్యాష్ బ్యాక్ ఇవ్వడం మామూలే, తొందర లేకపోతే ఆగండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, బావగారో వస్తూ తెస్తానంటే రెండు విషయాలు ముందే మాట్లాడుకోండి. ఆ లెన్స్‌కి వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి ఉంటుంది, కొనకముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌ని అడగాలి. రెండోది కస్టమ్స్. మినహాయింపు పరిమితి దాటిన విలువకి డ్యూటీ కట్టాలి, ఆ డ్యూటీ కలిపి చూస్తే ఒక్కోసారి మిగిలేది పెద్దగా ఉండదు. మూతలు విప్పేసి వాడిన లెన్స్ అని చెప్పమని వాళ్లని ఎయిర్‌పోర్టులో ఇరుకున పెట్టకండి.

కొన్న తర్వాత హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టం లాంటి తొడుగు) ఎప్పుడూ తీయకండి, పక్కనుంచి పడే స్టేజీ లైట్‌ని ఆపేది అదే. చవక యూవీ ఫిల్టర్ మాత్రం హాల్లోకి వెళ్లగానే తీసేయండి, లేకపోతే లైట్ల ప్రతిబింబాలు పచ్చటి చుక్కల్లా ఫోటోలో తేలుతాయి. ఎల్‌ఈడీ లైట్లున్న హాల్లో సైలెంట్ మోడ్‌లో (ఎలక్ట్రానిక్ షట్టర్‌తో) తీస్తే అడ్డంగా చారలు వస్తాయి, అలాంటప్పుడు మెకానికల్ షట్టర్‌కి మారి, కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. మొహం మీద పడే లైట్‌కి తగ్గట్టు ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టుకోండి, లేకపోతే వెనక నల్లటి తెరని చూసి కెమెరా మోసపోయి మొహాలని తెల్లగా కాల్చేస్తుంది, ముఖ్యంగా ఎర్ర లైట్‌లో. ఇంటికొచ్చాక లెన్స్‌ని బ్యాగులో వదిలేయకండి. డ్రై క్యాబినెట్ ఉంటే తేమ 40 నుంచి 50 శాతం మధ్య పెట్టండి, లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. రంగు మారే రకం జెల్ అయితే ఎప్పుడు మార్చాలో దానంతట అదే తెలుస్తుంది, వానాకాలంలో మాత్రం వారానికోసారి మూత తీసి చూస్తుండండి.